మొగిలిగుండ్ల

మొగిలిగుండ్ల ఎక్కడని అడిగితే
ఆటో అతను ఫోన్ల చూసుకుంటడు, దొరకదు.
మూడో గేటు కాడ దింపుమంటే సరేనంటడు.
ఆ మూడో గేటే మా ఊరు.

ఊరికి పుట్టిన తేదీ లేదు.
పట్వారీ బస్తల ఉర్దూ కాగితమొకటి ఉండెనట,
సగం చెదలు చదివినయి.
మిగిలిన సగంల మేం శిస్తు బాకీ ఉన్నం.

కరువుల బావి తవ్వితే మనిషికో శేరు జొన్నలు.
మా ముత్తవ్వ రెండు శేర్లు అడిగింది,
కడుపుల ఒకడున్నడని.
జాగీర్దారు మనిషి నవ్వి ఒకటిన్నర కొలిచిండు.
పుట్టినోనికి సగమయ్య అని పేరు వెట్టిండ్రు.
రేషన్ కార్డుల సంగమయ్య అని దిద్దిండ్రు గానీ
తాత సచ్చేదాక సగమయ్యనే.

మా ఊరోళ్ళ గుణమా?
అప్పిస్తరు, గోడ మీద బొగ్గుతోని గీత గీస్తరు.
పెండ్లికి పిలవకుంటే అలుగుతరు,
పిలిస్తే కూరల ఉప్పు లేదంటరు.
గుండు మీద సమ్మెట పడ్డట్టు మాట:
ముందు రవ్వ, ఎనుక సప్పుడు.

పీర్ల పండుగకు పీరునెత్తేది సాకలి ఈరయ్య,
లతీఫ్ చాచాకు నలభై ఏండ్ల సంది నడుము నొప్పి.
ఇద్దరూ ఏడాదికొక్కనాడే కొట్లాడుదురు,
మలీద ముద్ద ఎవరిది చిన్నగయ్యిందని.

గుండ్లకు పేర్లుండె.
ఏనుగు గుండు. అత్తాకోడండ్ల గుండ్లు.
పాలోళ్ళ గుండు:
దాని నీడ ఈతచెట్టును తాకితే
నాంపల్లి హోటళ్ళకు సైకిళ్ళు కదులుతుండె.

వాటిని పగలగొట్టింది బయటోళ్ళు కాదు.
నేను. రోజుకు నూటయాభై.
అత్తను సోమవారం, కోడలిని గురువారం.
నడుమ రెండు రోజులు
కోడలొక్కతే నిలవడ్డది,
ఎవరితోని కొట్లాడాల్నో తెల్వక.

ఇప్పుడు లిఫ్టుల స్టూలేసుకొని కూసుంట.
ముప్పై ఒకటో అంతస్తు అద్దంలకెల్లి చూస్తే
బావి ఉన్నకాడ నీలం ఈతకొలను.
నీళ్ళ జాడ మాత్రం మంచిగ పట్టిండ్రు.

నిన్న బడినుంచి వచ్చిన పిల్ల అడిగింది,
"అంకుల్, మీ ఊరేది?"
చెప్పుదామని సున్నా బటన్ నొక్కిన.
పన్నెండోదాంట్ల ఆగింది.
ఎవరో ఎక్కిండ్రు, కుక్కతోని.
అది నా చెప్పులు వాసన చూసుకుంట
కింది దాక వచ్చింది.