గాలికి వదిలిన క్రేను

మారెన్న పైన. నేను కింద.
మధ్యన ముప్పై ఆరు అంతస్తుల సిమెంటు,
ఒక వాకీటాకీ.

ఈ బెంగుళూరే మిట్ట మీద ఉండాదంట,
సముద్రం కంటే మూడు వేల అడుగులు ఎత్తంట.
ఆ మిట్ట మీద మా బిల్డింగు,
బిల్డింగు పక్కన క్రేను, క్రేను మెడకాడ
అగ్గిపెట్టంత అద్దాల గది.
అందులో మా మడకశిర మనిషి.
పొద్దున ఆరింటికి నిచ్చెనెక్కితే
మళ్ళా మాపటికే నేల.

భరణి కార్తె.
కడ్డీలు ముట్టుకుంటే బొబ్బలు.
తడిగోనె చుట్టుకొని మోస్తాండారు ఒడిశా పిల్లోళ్ళు.
బోరు ఎండి నెలయింది. ట్యాంకరు నీళ్ళు
ముందు కాంక్రీటుకు,
మిగిలితే మాకు.
"ఒకప్పుడు ఈ ఊళ్ళో ఫ్యాన్లే ఉండేవి కాదు"
అంటాడు ఇంజనీరు,
ఎండను మేమే మూటగట్టి తెచ్చినట్టు
మా దిక్కు చూసి.

మూడింటికి రేడియో గరగరమంది.
"రేయ్, హొసకోట తట్టు నల్లగైతాండాది."
నాకేం కనపడదు. నా ఆకాశం
రెండు టవర్ల మధ్య గుడ్డపేలిక.
ఆయప్పకైతే చుట్టూ కనపడతాది:
చెరువుల్లో లేచిన లేఅవుట్లు,
దుమ్ములోకి దిగే విమానాలు, నంది కొండ,
ఆ కొండెనకాల యాడనో
చూపు ఆనని కాడ మా ఊరు.
"యాడిదాకా వచ్చింది?"
"ఇంగా దూరం."
"ఇప్పుడు?"
"నీడ రోడ్డు దాటుతాండాది. కార్లు లైట్లేసుకుంటాండాయి."
వానను చెవితో చూడటం
నాకు ఈ పనిలోనే అలవాటయింది.

ముందు గాలొచ్చింది.
నీలం పట్టలు తెగి ఎగిరినాయి.
అందరూ చెప్పే మన్ను వాసన కాదు,
కాలిన ఇనుము మీద నీళ్ళు చల్లితే
కొలిమిలో వచ్చే వాసన.
"దిగు నాయనా" అంటి.
"ఉండు. దీన్ని వదిలేసి వస్తా."

క్రేను సంగతి మీకు తెలీదు గదా.
గాలివానలో దాన్ని బిగించకూడదు.
బిగిస్తే విరుగుతాది.
కొక్కెం పైకి లాగి, తిరిగే బ్రేకు వదిలేసి,
గాలి ఎట్ల తిప్పితే అట్ల పోనీయాల.
ఇది నాకు నేర్పించిననాడు
మా నాయన గుర్తొచ్చినాడు.
ఆకాశం దిక్కు చూస్తా చూస్తా
మెడ బిగుసుకుపోయిన మనిషి.

మెరుపు.
ఆ వెలుగులో ఒక్క రెప్పపాటు
ఇనుప చట్రం లోపల మారెన్న,
బోనులో ఉడత మాదిరి.
చీకటి. నేను లెక్కపెడతాండా,
ఒకటి, రెండు, మూడు, ఉరుము.
ఇంకో మెరుపు. ఒకటి,

వడగండ్లు! రేకులు పగిలేటట్టు.
కూలోళ్ళ పిల్లోళ్ళు హెల్మెట్లు తిరగేసి పడతాండారు.
బీహారామె ఉన్న గిన్నెలన్నీ బయట పెట్టి
ఆఖరికి చెంబు కూడా పెట్టింది.
మారెన్న నేల తాకినాడు.
అరచేతుల్లో తుప్పు, తుప్పులో వాన.
"బీడీ ఉందా?" అన్నాడు.
తడిసిపోయింది.

షెడ్డు కింద నిలబడి చూస్తిమి.
మనిషి లేని క్రేను
అరవై మీటర్ల చెయ్యి చాపుకొని
నిద్దట్లో ఒత్తిగిల్లినట్టు తిరుగుతాండాది.
తిరిగి తిరిగి మా ఊరి దిక్కుకొచ్చి
ఆగింది.
"చూసినావా, మనకాడికే పోతాండాది మబ్బు,"
అన్నాడు మారెన్న. "భరణి కురిస్తే ధరణి పండు."

ఆ మాటే ఫోన్లో చెప్పినా సుంకులమ్మకు.
దుక్కికి ట్రాక్టరోణ్ణి అడిగిపెట్టమన్నా.
ఎన్ని గంటలకొస్తాది అని అడిగింది,
బస్సును అడిగినట్టు.
రెండు గంటల్లో, అన్నా.

తెల్లారి చూస్తే క్రేను
హొసూరు తట్టు తిరిగి ఉండాది.
దానికేం తెలుసు.
మారెన్న అప్పుడే సగం నిచ్చెన ఎక్కినాడు,
కింద గుంటల్లో నీళ్ళు మోటరుతో తోడి
రోడ్డు మీదికి పోస్తాండారు.

ఆమె ఫోను చేసింది.
"రాత్రి పొద్దుపోయేదాకా వాకిట్లోనే కూచుంటి.
చుక్క రాలే.
మీ తట్టు మాత్రం మెరుస్తానే ఉండె.
ఈడినుంచి చూస్తే
శానా బాగుండె."