ఎవరితో?

ఫర్వానియాలో నాలుగో అంతస్తు.
లిఫ్టు చెడిపోయి రెండు నెలలు.
శుక్రవారం సగం పూట సెలవు నాకు,
ఆ సగంలో సగం ఈ మెట్లకే పోతాది.

గది బయట పది జతల మగచెప్పులు, మూడు మావి.
లోపల గోడకు పిడికిలి బొమ్మ,
దాని పక్కన ఏసీ కారి
చుక్కచుక్కగా బకెట్లో పడతాంటాది.
"మహిళలు లేని మార్పు మార్పే కాదు"
అంటాడు ఓబులేసు.
గొంతు బాగుంటాది. నిజంగానే బాగుంటాది.
ఆ మాట ముగిసేలోపల
ఎవరో నా దిక్కు చూసి ఖాళీ గ్లాసు తిప్పుతారు:
దస్తగిరక్కా, టీ.

నేను లేస్తా.
పన్నెండేండ్లుగా గంట మోగితే లేచే మోకాళ్ళు.
ఇక్కడ గంట లేదు. తేడా అదొక్కటే అని
అనుకోకూడదని చానా దినాలు అనుకున్నా.

ఎందుకంటే వీళ్ళు మంచోళ్ళు.
నా పాస్‌పోర్టు కఫీలు బీరువాలో ఇరుక్కున్నప్పుడు
ఎంబసీ గేటు కాడ, తారు కరిగే ఎండలో
నాతోపాటు నిలబడింది వీళ్ళే.
సాంబశివుడు తన టోపీ తీసి నా నెత్తిన పెట్టినాడు.
అది ఇంకా నా పెట్టెలో ఉండాది.
చెడ్డోళ్ళయితే కథ సులువు.

పోయిన చలికాలం ఒక శవాన్ని ఊరికి పంపేటప్పుడు
మార్చురీలో మాట్లాడింది నేను.
వంటింట్లో తిట్లు తింటా నేర్చిన అరబ్బీ అది.
ఒక్క ముద్ర కోసం మూడు కౌంటర్లు తిరిగినా.
రికార్డు పుస్తకంలో ఇట్ల ఉండాది:
"సంఘం కృషి ఫలించింది. మహిళలు సహకరించారు."
సహకరించారు.
కూరకు ఉప్పు సహకరించినట్ల.

సరే, అదీ మింగినా.

ఈ శుక్రవారం నాగరత్నం సంగతి వచ్చింది.
జహ్రాలో ఒక ఇంట్లోంచి
రాత్రి ఒంటిగంటకు గోడ దూకి వచ్చిన పిల్ల.
ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మొన మచ్చ.
ఎవరికి ఫోన్ చెయ్యాల, యాడ దాచాల,
కాగితం మీద పేర్లు రాసుకొచ్చినా.
మడత విప్పకముందే
ఓబులేసు గొంతు సవరించుకున్నాడు.
"అదంతా సరే గానీ అక్కా,
అంత రాత్రిపూట అది ఎవరితో వచ్చినట్టు?"

ఉపన్యాసంలో "ఆమె".
ఇక్కడికొచ్చేసరికి "అది".

ఎవరో చిన్నగా నవ్వినారు.
ఇంకెవరో అన్నారు:
"డ్రైవరు ఎవడన్నా ఉండాడేమో కనుక్కో,
సంఘం పేరు పాడవకూడదు గదా."

వియా మినూ?
మఖ్ఫర్‌లో పోలీసు ఆ పిల్లను ఇదే అడిగినాడు.
వియా మినూ?
కఫీలు పెండ్లాం ఫోన్లో ఇదే అరిచింది.
నా మొదటేడు, బకాలాకు పోయి పెరుగు తెచ్చేదానికి
పది నిమిషాలు ఆలస్యమైతే
నన్నూ ఇదే అడిగినారు.
రెండు భాషలొచ్చు నాకు.
రెంట్లోనూ ఈ ప్రశ్నకు ఒకటే వాసన.

నేను అరవలేదు.
అరిచింటే "ఆవేశపడొద్దక్కా" అనేవాళ్ళు.
టీగిన్నె కింద పెట్టి చెప్పినా:

"కాలిన చేత్తో వచ్చింది.
ఉత్త కాళ్ళతో వచ్చింది.
మూడు దినాల ఆకలితో,
భయంతో వచ్చింది ఓబులేసూ.
రాసుకో.
ఎవరితో అని అడిగినావు గదా,
పేర్లన్నీ రాసుకో."

పెన్ను కదల్లేదు.
ఏసీ మాత్రం కారతానే ఉండాది.
బకెట్టు నిండింది. నిండితే పారబోసేది నేనే.
నేను లేవలేదు.
నీళ్ళు చాప అంచు తడిపినాయి,
ఒకరి లుంగీ అంచు తడిపినాయి.
చివరికి సాంబశివుడు లేచి
ఒక్క మాట లేకుండా బకెట్టు ఎత్తుకపోయినాడు.

వంటగది తలుపు సందులో నాగరత్నం.
అంతా వినింది.
"అక్కా, వీళ్ళేనా మనోళ్ళు?"

వీళ్ళే, అన్నా.
కొంచెం సేపాగి,
ఇంకా కావాల, అన్నా.
ఆ పిల్లకు అర్థమయిందో లేదో.

మొదటి గ్లాసు నాగరత్నానికి పోసిచ్చినా.
రెండోది నేను తాగినా.
తక్కినోళ్ళు ఎవరిది వాళ్ళు పోసుకున్నారు,
చక్కెర యాడుందో తెలీక
చానా సేపు వెదికినారు.