ఒకటి, మూడు, నాలుగు, రెండు

మానుషాక్ రొట్టెల బండి
మూడోసారి నా షెడ్డు ముందు ఆగింది.
ఆగడం కాదు, వణికి వణికి చల్లారింది.
తాళంచెవి బల్ల మీద పెట్టి
ఆమె ఏమీ అనలేదు.
తిట్టి ఉంటే బావుండేది.

గ్యూమ్రీలో జనవరి.
మనం స్పానరు పట్టుకోం,
స్పానరే మన చేతిని పట్టుకుంటుంది.

నాలుగు సిలిండర్ల ఇంజను
పలకాల్సిన వరస
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
ఇది మాత్రం
ఒకటి... నాలుగు, రెండు,
ఒకటి... నాలుగు, రెండు అంటోంది.
హాజరు పిలుస్తూ
బడికి రాని పిల్లాడి పేరు దగ్గర పంతులు ఆగినట్టు
మూడు దగ్గర ఒక ఖాళీ.

కంప్యూటరు తగిలిస్తే అదే మాట:
మూడో సిలిండరులో మంట తప్పుతోంది.
తెలుసమ్మా, ఎందుకు?
అంటే ఊరుకుంటుంది.

మొదటిసారి ప్లగ్గులు మార్చాను.
రెండోసారి మూడో కాయిల్ తీసి ఒకటిలో పెట్టాను,
ఒకటిది మూడులో.
దొంగ ఆ కాయిలే అయితే
దొంగతనమూ దాని వెంటే పోవాలి.
పోలేదు.
అయినా ఆమెకో కొత్త కాయిల్ అమ్మాను.
ఈ ముక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.
ఇంజెక్టరు కడిగాను.
గాలి దొంగదారిన దూరుతోందేమోనని
గొట్టాలన్నిటికీ పొగ పట్టి చూశాను.
కంప్రెషన్ కొలిచాను.
పదమూడు, పదమూడు, పన్నెండున్నర, పదమూడు.
బంగారంలాంటి ఇంజను అన్నాను.
కాగితం మీద రాసి, కింద గీత గీసి మరీ ఇచ్చాను.

ఈసారి వహాగ్న్ అడిగాడు.
నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు, పదిహేడేళ్లు,
చలికాలమంతా ముక్కు కారుతూనే ఉంటుంది.
"వార్పెత్, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు
ఇది బాగానే నడుస్తుంది కదా.
మనం చల్లగా ఉన్నప్పుడే ఎందుకు కొలిచాం?"

ఎందుకంటే, నాయనా,
కాలుతున్న ఇంజనులో ప్లగ్గు విప్పితే
వేళ్లు బొబ్బలెక్కుతాయి గనక.
యాభై నాలుగేళ్లవాడు చెప్పుకోదగ్గ జవాబు కాదది.
చేతి తొడుగులు తెమ్మన్నాను.

స్టేషను దాకా, కోట ఎక్కే రోడ్డు మీదుగా,
మళ్లీ స్టేషను దాకా తిప్పాం.
వేడెక్కేకొద్దీ కుంటు.
ఎర్ర దీపం దగ్గర ఆగితే
సీటు వెనక నుంచి ఎవరో మోకాలితో పొడుస్తున్నట్టు.
వచ్చి, ఆవిరి కక్కుతుండగానే విప్పాం.
పదమూడు.
పదమూడు.
మూడో దాంట్లో ముల్లు ఆరు దాటలేదు.

ఆమె బండి తొమ్మిదేళ్లుగా గ్యాసు తాగుతోంది.
పెట్రోలు కన్నా చవక, పెట్రోలు కన్నా పొడి మంట.
ఆ మంటకు వాల్వు కూర్చునే పీట
వెంట్రుకంత, వెంట్రుకంత అరిగింది.
పీట అరిగినకొద్దీ వాల్వు పైకి జరిగింది,
పైన ఉండాల్సిన సందు మూసుకుపోయింది.

రాత్రంతా చల్లారనిచ్చి, పై మూత విప్పి
సందు కొలిచే రేకులు పెట్టి చూశాం.
మిగతా చోట్ల కొంచెం నసిగి దూరాయి.
మూడో దాని ఎగ్జాస్టు దగ్గర
అన్నిటికన్నా పలచనిది, సిగరెట్టు కాగితమంతది,
అంచులోనే వంగిపోయింది.

చలిలో ఎలాగో మూసుకునే వాల్వు
వేడికి సాగి,
సాగినదానికి చోటు లేక,
గుమ్మంలో కాలు అడ్డుపెట్టిన అప్పులవాడిలా
తలుపు పడనివ్వడం లేదు.
బలమంతా ఆ సందునే పోతోంది.

వహాగ్న్ ఆ రేకును వెలుతురుకు పట్టి చూశాడు.
"ఇంతేనా" అన్నాడు.
ఇంతే.

సాయంత్రం మానుషాక్ వచ్చింది.
పలచని టాపెట్ యెరెవాన్ నుంచి రావాలి,
రెండు రోజులు, అన్నాను.
తర్వాత కాయిల్ సంగతి చెప్పాను.
డబ్బు బల్ల మీద పెట్టాను.
ఆమె లెక్కపెట్టింది, రెండుసార్లు.
నేను గీత గీసిచ్చిన కాగితం కోటు జేబులోంచి తీసి
డబ్బు ఉన్నచోట పెట్టింది.
సంచిలోంచి ఒక లవాష్ తీసి చింపి
సగం వహాగ్న్ చేతికిచ్చింది.
రెండో సగం
జాగ్రత్తగా మడిచి
మళ్లీ సంచిలోనే పెట్టుకుంది.