కర్త ఎక్కడ?

కిసుము పాలిటెక్నిక్, రెండో అంతస్తు,
సాయంత్రం ఆరున్నర బ్యాచ్.
వాణిజ్య లేఖలు, ఇంగ్లీషు వ్యాకరణం.
పగటిపూట ఇది కుట్టుపని గది,
బల్ల మీద ఎక్కడ చెయ్యి పెట్టినా గుండుసూదులు.

అకుము న్యదేరా ఎప్పుడూ ఆలస్యమే.
దుంగా రేవులో చేపలు తూచి,
చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని
వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది.
నిమ్మకాయ ఓడిపోయిందని గది మొత్తానికీ తెలుసు.
ఎవరూ ముక్కు మూసుకోరు.

ఆమె ఇంగ్లీషులో మగవాళ్ళు ఆడవాళ్ళవుతారు,
ఆడవాళ్ళు మీసాలు తిప్పుతారు.
"మా లువోలో ఇద్దరికీ ఒకటే మాట సార్.
మనిషెవరో తెలిశాక మళ్ళీ ఆడా మగా ఎందుకు?"
నాది బుకుసు. మా భాషలోనూ అంతే.
అయినా ఎర్రసిరాతో సున్నా చుట్టాను.
జీతం ఇచ్చేది దానికే.

"ఇద్దరికీ ముందే తెలిసినదానికి 'ద' పెట్టాలి" అన్నానొక రోజు.
మోటారు సైకిలు మీద మనుషుల్ని మోసే ఒడెక్ లేచి
"అయితే నా అప్పుకి 'ద' ఖాయం, వీధంతటికీ తెలుసు" అన్నాడు.
అంతకంటే మంచి ఉదాహరణ
నా పుస్తకంలో లేదు.

ఏడో వారం కర్మణి ప్రయోగం.
బోర్డు మీద రాశాను:
ఆలస్యం జరిగినది.
లోపం గమనించబడినది.
చూడండి ఎంత మర్యాదో, ఎవరి మీదా వేలు లేదు!
ఇరవై రెండేళ్ళుగా వడ్డిస్తున్నాను ఈ వాక్యాలు,
ఒక్కసారీ ఉప్పు చూడకుండా.

ఇంటిపని: ఒక ఫిర్యాదు లేఖ.
అకుము శీతల గిడ్డంగి మేనేజరుకి రాసింది:

"అయ్యా,
శుక్రవారం రాత్రి మీరు జనరేటర్ ఆపారు.
డీజిల్ మిగుల్చుకున్నారు.
నా చేపలు మీ దగ్గర రెండోసారి చచ్చాయి,
నూట నలభై కిలోలు.
పొద్దున తలుపు తీసి మీ కాపలావాడు ఏడ్చింది.
నేను ఏడవలేదు, లెక్క వేశాను.
ఆ లెక్క దీనితో పంపుతున్నాను."

'చచ్చిన చేప మళ్ళీ చావదు' అని అంచున రాశాను.
'ఏడ్చింది' కాదు, 'ఏడ్చాడు'.
అసలు కాపలావాడి కన్నీళ్ళే అనవసరం.
'మీరు ఆపారు' కొట్టేసి
'ఆపివేయబడినది' చేశాను.
పదికి నాలుగు.

కాటా ముల్లుని చూసినట్టు
ఆమె నా ఎర్రసిరాని చాలాసేపు చూసింది.
"మీరు దిద్దాక జనరేటర్ దానంతటదే ఆగిపోయింది సార్.
కర్త తప్పుకున్నాడు.
కర్మ ఒక్కటే మిగిలింది,
అది నాది."

దిద్దని కాగితాన్నే పోస్టు చేసిందట.

మూడు వారాలకి జవాబు వచ్చింది.
మందపాటి కాగితం, పైన నీలం రంగు చేప బొమ్మ.
మీ లేఖ అందినది.
విషయం పరిశీలించబడుచున్నది.
కలిగిన అసౌకర్యమునకు చింతించడమైనది.
ఒక్క కామా తప్పు లేదు.
కింద సంతకం జెరెమాయా ఒలాండో.
ఇదే గదిలో, కిటికీ పక్క బెంచీ.
నా దగ్గర తొమ్మిదికి తక్కువ
ఎప్పుడూ తెచ్చుకోని కుర్రాడు.

ఆమె అప్పటికే దిద్దేసింది, ఎర్ర పెన్ను కొనుక్కుని మరీ.
ప్రతి వాక్యం పక్కనా ఒకే ప్రశ్న: ఎవరు? ఎవరు? ఎవరు?
చివర పదికి రెండు.
"ఆ రెండూ కామాలకి సార్" అంది.

నేనేదో అనబోయాను.
అప్పుడే ఫ్యాను నెమ్మదించింది, ట్యూబులైటు ఆరింది,
కింద బజారంతా ఒక్కసారి 'ఓ' అంది.
నాలుక అలవాటు, ఊరుకోదు:
"విద్యుత్తు నిలిపివేయబడినది."

చీకట్లో, నిమ్మకాయ వాసన వచ్చే వైపు నుంచి,
"ఎవరు సార్?"