నూట ఎనభై నాలుగు

డులూత్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
కోర్టు మెట్ల మీద, పదకొండు మైకుల ముందు
ఊలు ముసుగు గడ్డం కిందనుంచి పైకి లాగాను.
జుట్టు నిక్కబొడుచుకుంది.
ముందు వరసలో ఎవరో అన్నారు:
"అరె, హార్డ్‌వేర్ షాపులో
తాళంచెవులు కోసే మనిషి కదూ!"

వేరే దారి లేకపోయింది.
నేననుకుని టాడ్ లుండీన్‌ని,
ఇంటికప్పులు వేసే కుర్రాణ్ణి,
నలభై రోజులు లోపల పెట్టారు.
భుజాలు నా అంత వెడల్పు, అదే అతని నేరం.
ఇప్పుడు బయటున్నాడు. నాకు ఫోన్ చెయ్యడు.

మర్నాడు షాపు ముందు పెద్ద వరస.
తాళంచెవి ఒక్కరికీ అక్కర్లేదు.
ఒకాయన నా భుజం తట్టి చూశాడు,
పుచ్చకాయ కొనేవాడిలా.
నెలాఖరుకి మా యజమాని హోల్గర్
బీమా కంపెనీ ఉత్తరం కౌంటర్ మీద పెట్టి
"ఐనో, నువ్వు మంచివాడివే" అన్నాడు.
ఉద్యోగం ఊడే ముందు ఎవరికైనా వినపడే మాటే అది.

రీటాకి ఎప్పుడో తెలుసు.
పన్నెండేళ్ళు నా మేజోళ్ళు ఉతికిన మనిషికి
సరస్సు వాసన తెలియదా.
"మనిద్దరికే అని ఒక్కటుండేది,
దాన్నీ ఊరికి పంచిపెట్టేశావు" అని
అటు తిరిగి పడుకుంది.

ముసుగుకి నిద్ర లేదు, మోకాలినొప్పి లేదు,
మొహమాటం అసలే లేదు.
అది రాని రాత్రి జనం ఆకాశంకేసి చూసి ఊరుకునేవారు,
వాన రానప్పటిలాగే.
వానని ఎవరు నిలదీస్తారు?
మొహమున్నవాడైతే దొరుకుతాడు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం మార్వా ఎస్టెప్ వచ్చింది.
చేతిలో పాత బ్యాంకు క్యాలెండరు.
"రెండేళ్ళ కిందట, నవంబరు పదకొండు.
రాత్రి తొమ్మిదిన్నర. కాలవ గోడ చివర.
మా బ్రెంట్.
నువ్వెక్కడున్నావు?"
గొంతులో కోపం లేదు,
అద్దె రసీదు అడిగినట్టు అడిగింది.

నాకు గుర్తుంది. మరిచిపోయినా బావుండేది.
బౌలింగ్ ఆడుతున్నాను.
అద్దె బూట్లు, ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం.
మూడో స్ట్రైక్ పడ్డప్పుడు
సరస్సు వైపునుంచి కూత లాంటిదేదో వినిపించింది.
ఓడ అనుకున్నాను.
చప్పట్లు కొడుతున్నారు, వెనక్కి తిరిగి నవ్వాను.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది:
ఇంకో చోట, ఇంకో నీళ్ళలో, ఇంకెవరి బిడ్డకోసమో...
ఆమె నా కళ్ళలోకే చూస్తోంది.
చెప్పేశాను. బూట్ల రంగుతో సహా.

వీధిలో ఒక ఉప్పు లారీ వెళ్ళింది.
తర్వాత ఇంకొకటి.
"ఎంత స్కోరు?" అంది.
"నూట ఎనభై నాలుగు."
క్యాలెండరు గోడకానించి, పదకొండో గడిలో
పెన్సిలుతో రాసుకుంది.

వెళ్తూ వెళ్తూ జేబులోంచి తాళంకప్ప తీసింది.
వాడి సైకిల్‌కి వేసి ఉందట ఇన్నాళ్ళూ,
గొలుసు కోయించి తెచ్చింది.
చెవి వాడి జేబులోనే నీళ్ళలోకి పోయింది.
రెండు వేళ్ళతో విరవగలను.
నా వేళ్ళకేసి చూసి అంది:
"విరవొద్దు. చెవి చెయ్యి."

షాపు మెషీను లేదు. వంటింటి బల్ల, ఆకురాయి.
ఖాళీ చెవి దూర్చి, తిప్పి,
గీత పడ్డచోట కొంచెం రాసి, మళ్ళీ దూర్చి.
బస్సుని ఎత్తిన చేతికి ఇది చేతకావడం లేదు.
మూడు చెవులు వంకరపోయాయి.
రీటా మాట్లాడకుండా దీపం దగ్గరికి జరిపింది.

పదిన్నరకి కాలవ వైపు ఏదో కూసింది.
ఇద్దరం తలెత్తాం.
ఓడే అయ్యుంటుంది.
ఆకురాయి కింద పెట్టి
చూసొద్దామని లేచాను,
ముసుగు లేకుండా, చెప్పులతోనే.