దీపం పక్క కుర్చీ

ప్లగ్గు పంపుహౌసులోనే ఉంది, వైరు పదకొండు మీటర్లే.
అందుకే ప్రొజెక్టరు ఓ వారకి పడింది,
వంశధార గట్టుగోడ దానికి ఏటవాలుగా దొరికింది.
సాయంత్రం రెండు బకెట్ల సున్నం కొట్టించాం,
రాళ్ల అతుకులు మాత్రం దాగలేదు.

గుణుపురంలో మా తెలుగు బడికి ఆఖరి సభ.
పై క్లాసుకి పిల్లల్లేరు, కింది క్లాసుకి పంతుల్లేడు,
తాళం రేపు బ్లాకు ఆఫీసుకి పోతుంది.
పాత గ్రూపు ఫోటో ఒకటి గోడమీద చూపించమన్నారు.
అద్దె ఎనిమిది వందలు. అడ్వాన్సు తీసుకోలేదు.

బొమ్మ పడింది.
ఎడం చివర అమ్మాజి అగ్గిపుల్లంత,
కుడి చివర లోకనాథం కరెంటు స్తంభమంత,
ముందు బెంచీ కుడివేపుకి పోనుపోను బలిసింది.
"నన్నెండబెట్టేశావేట్రా" అంది అమ్మాజి
జనంలోంచి, చంకలో మనవరాలితో.
అందరూ నవ్వారు, ఒడియాలో సగం, తెలుగులో సగం.

దీనికి మెషిన్లో ఓ మెనూ ఉంది.
నాలుగు మూలలు, నాలుగు బాణాలు.
గోడ ఎటు జారితే బొమ్మని దానికెదురు గుంజాలి.
రిమోటు పట్టుకుని జనం నడుమ నిలబడి
కుడి మూలల్ని లోపలికి నొక్కుతూ పోయాను.
నొక్కిన ప్రతిసారీ అంచున ఒక వరస చుక్కలు ఆరిపోతాయి.
ఆరినచోట చీకటి రాదు,
బియ్యం కడిగిన నీళ్లలాంటి మసక మిగులుతుంది.
ఆ చుక్కల లెక్క ఎవరూ అడగరు.

నీలాచలం మాష్టారు ఇదే పని
మా నోళ్లతో చేయించారు.
మా అకారం ఒడియా గాలికి ఒకారం వేపు ఒరిగేది.
కలం అంటే కొలం.
పాలకొండ చుట్టాలు పెళ్లిళ్లలో పలికించుకుని మరీ
పొట్ట పట్టుకునేవారు.
మాష్టారు నవ్వలేదు, బెత్తం తియ్యలేదు.
"అ అనకండ్రా. ఆ అనబోయి ఆగండి."
దవడ నొప్పెట్టేలా తెరిస్తే
పెదాలు దాటేసరికి సరిగ్గా అ అయ్యేది.

ఆయన్ని ప్రొజెక్టరు పక్కనే కూర్చోబెట్టాం,
ఫ్యాను గాలి అక్కడికే అందుతుందని.
మొదట బొమ్మ పడి ఊరంతా నవ్వుతున్నప్పుడు
"ఏటి వంకర? తిన్నగానే ఉంది గదా" అన్నారు.
కంటిపొర అనుకున్నాను.
సరిచేశాక చప్పట్లు మోగాయి.
ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
"ఇప్పుడు పాడుచేశావురా" అన్నారు.

వంగి, నా చెంప ఆయన చెంపకి ఆనించి
కటకం ఎత్తునుంచి చూశాను.
నిజమే.
లోకనాథం అరంగుళం కుంగిపోయి ఉన్నాడు.
వెలుగు బయల్దేరే చోటినుంచి చూస్తే
ఏ గోడమీదైనా బొమ్మ తిన్నగానే ఉంటుంది, ముట్టుకోకపోతే.
పన్నెండేళ్లు ఈ పనిలో ఉండి
ఎప్పుడూ జనం నడుమ నిలబడే మూలలు చూసుకున్నాను.

సభ అయింది. పకోడీ కాగితాలు ఇసకలో దొర్లుతున్నాయి.
సుబాష్ గమాంగ్ వైరు చుట్టబోతే ఆగమన్నాను.
అంకెలన్నీ సున్నాకి తెచ్చాను.
లోకనాథం మళ్లీ పెరిగాడు,
అతని భుజం గోడ దాటి
ఏటి నీళ్లమీద పడి కదిలింది.
"ఈయేటి సార్, మళ్లీ చెడిపోయింది" అన్నాడు సుబాష్
దూరంగా ఇసకలోంచి.
మా ఇద్దరికీ మాత్రం వరస తిన్నగా ఉంది.

ఆ ఫోటోలో నేను లేను.
ఆ రోజు జొరం, గోనెపట్టా కప్పుకుని పడుకున్నాను.
ఆయనకి గుర్తుందో లేదో.
రిజిస్టరు లేకుండానే పేర్లు మొదలెట్టారు మాష్టారు,
అక్షరాల వరసలో, నోరు బాగా తెరిచి:
"అరసాడ బైరాగి."

ఫ్యాను ఒక చుట్టు తిరిగి మా వేపొచ్చింది.
"ఆజరు సార్" అన్నాను
దీపం వెనకనుంచి.