మూడోది

స్టాంపు ప్యాడు మీద రెండు చుక్కల నీళ్లు చల్లిన.
ఎండిన నీలం మళ్ల లేచింది.
రాత్రి పదకొండున్నర. మూసీ ఒడ్డు దవాఖాన,
ఆడోళ్ల వార్డు, పద్నాలుగో మంచం.
పేరు ఖమరున్నీసా. లాడ్ బజార్ల లక్కగాజుల పని.

ఆమె బొటనవేలు పట్టుకున్న.
ఇరవై రెండేండ్ల సంది పట్టుకుంటున్న
ఇట్లాంటి వేళ్లను.
కొన్ని చల్లగ, కొన్ని జరంతోని కాలుకుంట,
ఒకటి పెండ్లి పసుపు ఇంకా పోకుండనే.
ఒత్తుడు, తిప్పుడు, లేపుడు.
చిల్లర లెక్కబెట్టినంత సేపు గూడ పట్టదు.

ఈమెది పడలే.
కాయితం మీద ఉత్త నీలం మరక,
గీత లేదు, సుడి లేదు.
ఇంకోసారి ఒత్తిన. ఇంకో మరక.

"నై ఆతా బేటీ," అన్నది నవ్వుకుంట.
ముప్పై ఏండ్లాయె వేడి లక్కల అద్దాలు ఒత్తబట్టి,
గీతలన్నీ గాజులకే పోయినయట.
రేషన్ దుకాన్ల మిషన్ గూడ
నువ్వు నువ్వు గాదంటదట.

అప్పుడడిగింది:
ఇంతకూ దేనికి ఒత్తమంటున్నవ్?

కాయితం దిక్కు చూసిన.
నాలుగు పేజీల ఇంగ్లీషు, చీమ తలకాయంత అక్షరాలు.
ఆఖరుకు, నాకర్థమయ్యే భాషలో నాకు వివరించారు, అని.
దాని కింద సాక్షి సంతకం
పొద్దుగాలనే పెట్టి ఉంచిన్రు.
నాదే.

పొద్దుగాల ఆమెకు చెప్పింది
దుర్బిణి పెట్టి చూస్తమని. చూసుడే.
సాయంత్రం కాయితంల ఇంకో మాట చేరింది.
డాక్టరు దాన్ని ప్రొసీజర్ అన్నడు.
నేను చిన్న ఆపరేషన్ అన్న.
వరండాల ఆమె తమ్ముడు మామూలే అన్నడు.
నోరు మారినకొద్ది మాట అరిగి అరిగి
ఆమె దాకా వచ్చేసరికి
"ఇక్కడ ఒత్తు" అయింది.

మంచం అంచుకు కూసొని చెప్పిన:
బచ్చాదానీ తీసేస్తరు.

పదిహేనో మంచం ఆమె
పాలు చల్లార్పుడు ఆపింది.

తీస్తే ఏమైతది?
తీయకుంటే ఏమైతది?
మూడోది ఉందా?
రెండు జతలే చూపెట్టిన దుకాన్దారు ముందల
గిరాకీ అడిగినట్టు అడిగింది,
లోపల ఇంకోటి ఉంటదని ఎరుకున్న గొంతుతోని.

నాకు తెల్వదన్న.
పేషెంటుతోని ఆ మాట అనుడు అదే మొదలు.

కౌండిన్య డాక్టరును లేపిన.
పీజీ పోరడు, ముప్పై ఆరు గంటల డ్యూటీ.
"సంతకం గాలేదా సిస్టర్? రేపు ఫస్ట్ కేసు."
అడుగుతున్నది సార్.
ఏమడుగుతున్నది?
మూడోది.

కొద్దిసేపు గోడను చూసిండు.
తర్వాత స్టూలు గుంజుకున్నడు.
మందులున్నయన్నడు, ఆరు నెలలు చూడొచ్చు.
గడ్డ ఒక్కటే తీయొచ్చు, మళ్ల రానూ వచ్చు.
రక్తం రిపోర్టు ఎనుక బొమ్మ గీసిండు.
నేను మాట మాటకూ దక్కనీ జేసిన.
నాకు రాని మాటలు పదిహేనో మంచం అందిచ్చింది.

ఖమరున్నీసా బొమ్మను మడిచి
బుర్ఖా జేబుల పెట్టుకున్నది.
"సోచ్‌కో బోల్తూఁ."

పొద్దుగాల తమ్ముడు వార్డంత లొల్లి,
నేను సంతకం పెట్టిన గద అని.
కడుపెవరిదని అడగలే నేను.
అడగాల్సింది.

రిజిస్టర్ల గడులు రెండే,
ఒప్పుకున్నది, ఒప్పుకోలే.
ఆలోచిస్తనన్నదని అంచుకు ఇరికిచ్చి రాసిన.

మళ్ల వచ్చిందో లేదో, ఆ వారం నాకు వేరే బ్లాకు.
కాయితం చింపలే.
సాక్షి గడిల నా పేరు కొట్టేసి
ఫైల్ల పెట్టిన,
రెండు నీలం మరకలు పైకి కనవడేటట్టు.